రెండోసారి పప్పు

మామది కడప. 1996లో హైదరాబాదు అమీర్‌పేటలో మెస్సు పెట్టి, 2020 మార్చి లాక్‌డౌన్‌కు హాస్టళ్లు రాత్రికి రాత్రి ఖాళీ అయ్యేదాకా నడిపాడు. కోడలిది కర్నూలు. ఆయన అక్క కూతురు. మా వైపు అక్క కూతుర్ని కోడలనే అంటాం. అశోక్‌నగర్‌లో ఇంకో అమ్మాయితో కలిసి గది తీసుకుని గ్రూప్-2కు చదువుతోంది. నేను ఆ పిల్లకు చిన్నాయన్ని, ఆయనకు బావని. మొన్న ఒక పెళ్లికి ముగ్గురం కర్నూల్లో కలిశాం. మర్నాడు పొద్దున కొండారెడ్డి బురుజు పక్క సందులో బండి దగ్గర ఉగ్గాని తింటుంటే ఈ వాదం మొదలైంది. నా ధ్యాస చాలావరకు మిరపకాయ బజ్జీల మీదే ఉంది. మధ్యలో కొన్ని మాటలు జారిపోయి ఉంటే తప్పు బజ్జీలది.

మామ: నెలకు తిండికి ఎంతవుతాంది అమ్మీ, ఆ ఊర్లో?

కోడలు: రెండున్నర వేలు మామా. ఎప్పుడన్నా బిర్యానీ తింటే మూడు.

మామ: అబద్ధం. ఆ దుడ్లకు టీలు కూడా రావు.

కోడలు: లెక్క చెప్తా విను. పొద్దున బండి మీద ఇడ్లీ. మధ్యాహ్నం ఐదు రూపాయల భోజనం. రాత్రి గదిలో కుక్కర్ పెట్టుకుంటాం, కర్రీ పాయింట్‌లో ఒక పప్పు, ఒక వేపుడు తెచ్చుకుని ఇద్దరం పంచుకుంటాం. బుడ్డల పొడి, ఊరగాయ అమ్మ పంపుతూనే ఉంటుంది.

మామ: ఐదు రూపాయల భోజనమా? లైన్లో నిలబడా?

కోడలు: నిలబడే.

మామ: మీ అమ్మకు తెలుసా ఈ సంగతి?

కోడలు: తెలుసు. నీకు చెప్పొద్దనింది.

(ఇక్కడ మామ ప్లేటు పక్కన పెట్టాడు. ఉగ్గాని చల్లారితే బొరుగులు ముద్దవుతాయని తెలిసిన మనిషి ప్లేటు పక్కన పెట్టాడంటే విషయం చిన్నది కాదు.)

మామ: మా అమ్మ 1952 కరువులో చిన్నపిల్ల. గంజి కేంద్రం దగ్గర ముంత పట్టుకుని నిలబడినోళ్లలో ఒకతి. ఆ ముంతను చచ్చేదాకా అటక మీద దాచింది. నా బిడ్డలు తిండికోసం వరసలో నిలబడే రోజు రాకూడదని మాకు ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. మెస్సు పెడితే ఒక్కటే మొక్కుకున్నా: వచ్చినోడు కూర్చోవాల, వాడి దగ్గరికి అన్నం రావాల. నువ్వు మళ్లీ లైను అంటావు.

కోడలు: అవ్వ నిలబడింది దుడ్లు లేక. నేను ఐదు రూపాయలిచ్చి నిలబడతాండా. సినిమా టికెట్‌కు నిలబడతాం, బస్సుకు నిలబడతాం, బ్యాంకులో నిలబడతాం. అన్నం దగ్గరికొచ్చేసరికి ఎందుకు నామోషీ?

మామ: ఐదు రూపాయలకు భోజనమొస్తుందా? ఆ ఐదు ఉత్త నాటకం. ధర్మం పెడతాండామని పైకి చెప్పకుండా ఉండేదానికి పెట్టిన వేషం.

కోడలు: ఒప్పుకుంటా. ఆ ఐదు రూపాయలు బియ్యానికి గాదు. తలెత్తుకుని ప్లేటు తీసుకునేదానికి. శ్రీశైలం పోయినావు గదా ఎన్నోసార్లు. సత్రంలో అన్నం ఊరికే పెడతారు. కానీ ఏ సత్రానికి పోవాల్నో తేలేదానికి ముందు కులం తేలాల. కులానికొక సత్రం ఉండాది ఆడ. నేను తినే నాంపల్లి క్యాంటీన్లో టోకెన్ ఇచ్చేవాడు నన్ను ఏ ఊరని కూడా అడగడు.

ఈ మాటకు మామ ఏమీ అనలేదు. బండాయనను ఇంకో బజ్జీ అడిగాడు. నేననుకోవడం, ఆ పూట ఆ పిల్ల అన్నవాటిలో జవాబు లేనిది ఇదొక్కటే. మన పెద్దల అన్నదానాల గొప్ప తక్కువేం కాదు. ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి 1866 కరువులో వేలమందికి అంబలి పోయించినందుకు విక్టోరియా రాణి నుంచి బంగారు పతకం వచ్చింది. ఆ కథ చెప్పుకోని ఊరు ఆ చుట్టుపక్కల లేదు. అయితే పెట్టే చేయి పైన, తీసుకునే చేయి కింద ఉండక తప్పని ఏర్పాటు అది.

మామ: సరే, కులం అడగరు. మర్యాద ఉండాది. రుచి సంగతి చెప్పు. ఆ వంటశాలల్లో ఎర్రగడ్డా తెల్లగడ్డా వాడరంట గదా. ఎర్రగడ్డ లేని కూర ఏం కూర? నేను అమీర్‌పేటకు పోయిన కొత్తలో ఆటోవాడు ‘ఎర్రగడ్డా?’ అంటే, ఊరికి కూరగాయ పేరేంది అనుకున్నా.

కోడలు: రుచి లేదని నేనూ ఒప్పుకుంటా. చప్పిడి సాంబారు. అందుకే సంచిలో కారప్పొడి పొట్లం ఉంటుంది. మొత్తం లైన్లో సీమోళ్లెవరో పొట్లం తీసినప్పుడు తెలిసిపోతుంది.

మామ: ఎంత పెడతారు?

కోడలు: అన్నం నాలుగొందల గ్రాములు, పప్పో కూరో, సాంబారు, ఊరగాయ. నాకు చాలు.

మామ: తూచి పెడతారా?

కోడలు: తూస్తే తప్పేముంది?

మామ: నీకు చాలు. మేస్త్రీ కింద పొద్దున్నుంచీ సిమెంటు బస్తాలు మోసినోడికి? ధాత కరువు పేరు విన్నావా? 1876, 77. అప్పుడు టెంపుల్ అనే దొర వచ్చి కరువు పనికి పోయే మగమనిషికి రోజుకు ఒక పౌను గింజలు, ఒక అణా చాలన్నాడు. అది చాలదని కార్నిష్ అనే డాక్టరు దొర మద్రాసు నుంచే కొట్లాడినాడు. మన కర్నూలు, కడప జిల్లాల్లో ఆ లెక్క మీద బతికినోళ్లెందరో, పోయినోళ్లెందరో. సీమ మనిషి కడుపుకు తక్కెడ పెట్టడం మొదలైంది ఆడ. అందుకే నా మెస్సులో తక్కెడ కూరగాయలు తెచ్చేటప్పుడే. వడ్డించేటప్పుడు లేదు. రెండోసారి పప్పు అడిగినోడికి మూడోసారి నేనే పోయి అడిగేవాణ్ణి.

కోడలు: ఎట్లా గిట్టుబాటయ్యేది?

(మామ ముఖంలో వెలుగు వచ్చింది. ఆయన్ని ఈ ప్రశ్న అడిగినవాళ్లు తక్కువ.)

మామ: నెల టికెట్లు వంద మంది తీసుకున్నారనుకో. ఏ పూటా వంద మంది రారు. ఒకడు ఊరికి పోతాడు, ఒకడికి జ్వరం, ఇంకొకడికి ఆ పొద్దు ఇంటర్వ్యూ. మైత్రీవనంలో జావా క్లాసు సాగితే పదిమంది మధ్యాహ్నం ఎగ్గొడతారు. ఆ రాని పదిహేను ప్లేట్లే నా లాభం. వచ్చిన ఎనభై ఐదు మంది నన్ను నడిపించినారు. రానోళ్లు నా పిల్లల్ని చదివించినారు. ఇంకోటి. నలుగురి అన్నం తినేవాడొకడుంటాడు, పిడికెడు తినేవాడొకడుంటాడు. ఇద్దరి దగ్గరా తీసుకునేది ఒకటే. తక్కువ తినేవాడు పక్కోడి అన్నానికి కడతాండాడని వాడికి తెలవదు. ‘ఫుల్ మీల్స్’ అంటే అదే.

కోడలు: అంటే నాలాంటి ఆడపిల్లలు కట్టిన డబ్బుతో మగపిల్లోళ్లు మూడు ప్లేట్లు తిన్నారు. గిట్టుబాటు నీకు, నష్టం నాకు. తూచి పెడితే నాకు న్యాయం అయ్యేది గదా!

మామ: ...ఆ మాట ఇరవై నాలుగేళ్లలో ఎవురూ అడగలేదు.

కోడలు: మీ మెస్సుకు ఆడపిల్లలు వచ్చేవాళ్లా?

మామ: తక్కువ. పార్శిల్ తీసుకుపోయేవాళ్లు.

కోడలు: మేమిప్పుడూ అంతే. మెస్సులో ఒక పార్శిల్ చెప్తే ఇద్దరికి సరిపోతుంది. కూర్చుని తినేవాడికంటే పార్శిల్లో ఎందుకు ఎక్కువ కడతారో ఇప్పటికీ అర్థం కాలేదు.

మామ: పార్శిల్ తీసుకున్నోడు మళ్లీ అడిగేదానికి రాలేడు. అందుకని మూడుసార్ల వడ్డన ఒకేసారి కడతాం. పైగా బెంచీ కరువు లేదు, నీళ్ల గ్లాసు లేదు, ప్లేటు కడిగే మనిషి లేడు. ఈ లెక్కను బెంగళూరోళ్లు మనకంటే ముందు కనిపెట్టినారు. 1983లో జయనగర్‌లో కేఫ్ దర్శిని పెట్టినాయన కుర్చీలే తీసేసినాడు. నిలబడి తిను, నీ ప్లేటు నువ్వే తెచ్చుకో. కుర్చీ లేకపోతే మనిషి పది నిమిషాల్లో పోతాడు, ఆ జాగాలో ఇంకొకడు వస్తాడు. ఊరంతా దర్శినులే ఇప్పుడు. ఇడ్లీ చవక అయింది ఇడ్లీతో గాదు, కుర్చీతో.

కోడలు: నువ్వే ఒప్పుకుంటాండావు. చవకగా తినాలంటే ఏదో ఒకటి వదులుకోవాల. దర్శినిలో కుర్చీ పోయింది. ఐదు రూపాయల భోజనంలో రుచి పోయింది. కర్రీ పాయింట్‌లో అన్నం నేనే వండుకోవాల. మీ మెస్సులో ఏం పోయింది మరి?

మామ: నిద్ర. నాది.

ఇక్కడ కొంచెం సేపు ధరల మీద వాదన నడిచింది. దాన్ని కుదించి చెప్తాను. నగరంలో ప్లేటు ధర పెరిగేది కూరగాయలతో అని కోడలి నమ్మకం. మామ ఒప్పుకోలేదు. పత్తికొండ మార్కెట్లో టమోటాకు కిలోకు రూపాయి కూడా పలకక రైతులు రోడ్డు మీద పారబోసి పోయిన రోజుల్లో హైదరాబాదులో టమోటా బాత్ ధర పైసా తగ్గలేదన్నాడు. 1998లో ఎర్రగడ్డల ధర ఆకాశాన్నంటినప్పుడు మాత్రం ప్లేట్లో ఎర్రగడ్డ ముక్క మాయమైందని, ధర దిగినాక చాలా హోటళ్లలో ఆ ముక్క తిరిగి రాలేదని చెప్పాడు. మెస్సును తినేది అద్దె, ఆ తర్వాత గ్యాసు. ఇంటి సిలిండరు 14.2 కిలోలు, హోటలు సిలిండరు 19 కిలోలు. బరువులో తేడా కంటే ధరలో తేడా ఎక్కువ. ఆ తేడా చూసి ఇంటి సిలిండరు వంటింట్లోకి జారవిడిచే మెస్సులు ఎన్నో. ‘మీరూ అంతేనా?’ అని కోడలు అడిగితే, ‘ఉగ్గానిలో ఉప్పు తక్కువైంది’ అన్నాడు.

కోడలు: పెద్ద హోటల్‌కు పోతే నేను బిల్లు చదువుతా, మామా. ఐదు శాతం జీఎస్టీ ఉంటుంది, అది సరే. సర్వీస్ చార్జి అని వేస్తే తీసేయమంటా. అది కట్టి తీరాల్సిందేమీ గాదు. 2022లో వినియోగదారుల అధికార సంస్థ చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా అదే మాట నిలబెట్టింది. ఇంకో ఉపాయం ఉండాది. చిన్న హోటళ్లు కొన్ని కాంపోజిషన్ పద్ధతిలో పన్ను కడతాయి. వాళ్లు మన దగ్గర జీఎస్టీ విడిగా వసూలు చేయకూడదు. బిల్లు మీద ఆ మాట రాసి కూడా జీఎస్టీ వేసేవాళ్లున్నారు.

మామ: అన్నం తినేదానికి పోతావా, కోర్టుకు పోతావా?

కోడలు: గ్రూప్-2 సిలబస్ మామా. ఊరికే పోదు.

మామ: నవ్వులు పక్కన పెట్టు. నా అసలు మాట విను. నీ ఐదు రూపాయల భోజనం సర్కారు దయ. తమిళనాడులో 2013లో అమ్మ ఉణవగం వచ్చింది, రూపాయికి ఇడ్లీ. 2014లో నాంపల్లిలో అన్నపూర్ణ మొదలైంది. 2017లో బెంగళూరులో ఇందిరా క్యాంటీన్. 2018 జూలైలో మన రాష్ట్రంలో అన్న క్యాంటీన్. 2019లో ప్రభుత్వం మారినాక ఏమైంది? తలుపులేసినారు. మళ్లీ 2024 ఆగస్టు 15న గుడివాడలో తెరిచినారు. ఆ మధ్య ఐదేళ్లు ఆకలి సెలవు పెట్టిందా? నా మెస్సు ఐదుగురు ముఖ్యమంత్రుల్ని చూసింది. ఎవడొచ్చినా పొద్దున ఆరుకు పొయ్యి వెలిగింది.

కోడలు: 2020 మార్చిలో వెలగలేదు గదా.

(అనకుండా ఉండాల్సింది. ఆ పిల్లకూ తెలిసింది. మామ టీ గ్లాసు వైపు చూస్తూ ఉండిపోయాడు. చివరికి ఆమే అందుకుంది.)

కోడలు: తప్పుగా అన్నా మామా. నువ్వన్నది నిజమే. పేర్లు మారతాయి, బోర్డులు మారతాయి, మూతబడతాయి. అందుకే గట్టిగా అడగాల అంటాండా. రేషన్ బియ్యం ఏ ప్రభుత్వమైనా ఆపగలదా ఇప్పుడు? 1983లో ఎన్టీఆర్ కిలో రెండు రూపాయలకు ఇచ్చినప్పుడు దాన్నీ దయ అనే అన్నారు. ఇప్పుడది హక్కు. భోజనం కూడా అట్లా కావాల.

మామ: ఆ రెండు రూపాయల బియ్యం మంచిదే చేసింది, చెడ్డదీ చేసింది. మా ఇంట్లో అంతకుముందు వరి బువ్వ అంటే పండగ. మిగతా రోజులు సంగటి, జొన్నరొట్టె, కొర్రన్నం. బియ్యం వచ్చినాక సంగటి తినడం పేదతనం అయిపోయింది. మెస్సు పెట్టినప్పుడు కడప పిల్లోళ్లు అడిగినారు: ‘అన్నా, వారానికొకసారి సంగటి పెట్టు.’ నేను పెట్టలేదు. మెస్సులో సంగటా, నలుగురూ ఏమనుకుంటారు అని. కర్నూలు సోనా మూట తెచ్చి తెల్లగా వండి, ఎంతైనా తినండి అన్నా. గర్వంగా అన్నా.

కోడలు: ఇప్పుడు అదే సంగటి ఏసీ హోటల్లో నాటుకోడి పులుసుతో వందలకు వందలు.

మామ: అది చూసినప్పుడే అమ్మీ నాకు కడుపు మండేది. మేం దాచుకున్న దాన్ని వాళ్లు అమ్ముకుంటాండారు.

కోడలు: మరి నామోషీ ఎవరికి నష్టం చేసింది? సంగటికి నామోషీ పడి నువ్వు నష్టపోయినావు. లైనుకు నామోషీ పడమని నాకు చెప్తాండావు.

చాలాసేపు ఇద్దరూ మాట్లాడలేదు. నేను మధ్యవర్తిగా ఒక మాట అనబోయి ఆగాను. నా మాటగా ఇక్కడ రాస్తాను: మామ వాదంలో నాకు నచ్చింది రెండోసారి అడిగే హక్కు. డబ్బున్నవాడికి అది అక్కర్లేదు, ఇంకో ప్లేటు చెప్తాడు. లేనివాడికి ‘ఇంకొంచెం’ అనగలగడమే భోజనం. కోడలి వాదంలో నచ్చింది అడగాల్సిన అవసరమే లేకుండా టోకెన్ మీద అందుకోవడం. ఏది పెద్ద మర్యాద అంటే ఈ వయసులో కూడా నాకు తేలలేదు. నా చదువు రోజుల్లో రెండూ దొరకలేదు. ఒక హోటల్లో రోజూ రాత్రి రెండు పరోటాలకు మూడుసార్లు సేర్వా పోయించుకుని, నాలుగోసారి యజమాని చూపుకు లేచిపోయేవాణ్ణి.

మామ: కూడు బాగుంటుందా, ఇక్కడి అన్న క్యాంటీన్లో?

కోడలు: బానే ఉంటుందంట. పొద్దున టిఫిన్, మధ్యాహ్నం భోజనం, రాత్రి భోజనం, పూటకు ఐదు. రోజంతా తిన్నా పదిహేను.

మామ: ఒకపూట చూస్తా. తింటానని చెప్పలేదు, చూస్తా. వండేవాడి కంటితో చూస్తే తెలుస్తాది, పప్పులో బ్యాళ్లెంత, నీళ్లెంత.

కోడలు: లైన్లో నిలబడాల.

మామ: నా తరఫున నువ్వు నిలబడు.

కోడలు: టోకెన్ మనిషికొకటి మామా.

మామ: ...సరే పద. మా అమ్మ పైనుంచి చూస్తే నువ్వే జవాబు చెప్పు.

మధ్యాహ్నం ఒంటిగంటకు ముగ్గురం పోయాం. తలుపులు మూసి ఉన్నాయి. ఆ రోజు ఆదివారం, క్యాంటీన్‌కు సెలవు. ఇది ముగ్గురిలో ఒక్కరికీ గుర్తు రాలేదు. మామ గెలిచినట్టు నవ్వలేదు. మూసిన తలుపు కాసేపు చూసి, ‘ఆదివారం కూలోళ్లు ఏం తింటారో’ అన్నాడు.

బస్టాండు ఎదురు హోటల్లో ప్లేటు మీల్స్ తిన్నాం. డబ్బులు కోడలే ఇస్తానని పట్టుబట్టింది. మామ రెండోసారి పప్పు అడిగాడు. బిల్లులో ఆ పప్పుకు ఇరవై రూపాయలు వేశారు.